పడవ వెడలిన పిదప
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయమునకు చందా కట్టుచు, ఇందలి భారత భాగవతములను ఇంటికి గొనిపోయి, గడువులోపల మరల తెచ్చి యిచ్చుచున్న పాఠకులలో నే నొకడను. బడిలో నేను నేర్చినది లెక్కలు. కావ్యములను నేర్పినవి ఈ బీరువాలే. మా తండ్రిగారు ఈ గ్రామమున కరణీకము చేసిరి. 1984 లో ఆ యుద్యోగములు రద్దయినవి గాని, లెక్కలు మాత్రము మా యింటిని విడువలేదు. నేడును ఊరి లెక్కలు వ్రాయుటయే నా జీవిక. కావున పండితులవలె గాక, చిట్టా విప్పి చదువువానివలె నాలుగు మాటలు మనవి చేసెదను.

నాకు కార్యవర్గమువారు నియమించిన విషయము "నావలపై వైద్యసేవ". ఇందుకు కారణము సభలోని వారందరు నెరిగినదే. లంకలకును, ఎగువ కొండలనడుమ నున్న గూడెములకును పడవలపై పోయి మందులిచ్చు క్రైస్తవ వైద్యబృంద మొకటి కలదు. మన గ్రంథాలయములో చదువుకొను యువకులు కొందరు వారితో పోవుచున్నారు. నేనును కొన్ని పర్యాయములు వారివెంట పోయి రోగుల పట్టిక వ్రాసితిని. దీనిపై ఊరిలో రెండు ప్రశ్నలు పుట్టినవి. మొదటిది, మనము హిందువులమై యుండి క్రైస్తవుల బృందముతో పోవచ్చునా యని. రెండవది, వైద్యము రానివాడు వైద్యుల పడవలో పోయి చేయునదేమి యని. రెండును అడుగదగిన ప్రశ్నలే. వానికి సమాధానము చెప్పుటకు ముందు మన నదిని గూర్చియు, ఈ పడవల పూర్వకథను గూర్చియు కొంత చెప్పవలసి యున్నది.

గోదావరి పాపికొండలను చీల్చుకొని వచ్చి, రాజమహేంద్రవరము దాటి, ధవళేశ్వరమువద్ద గౌతమి, వసిష్ఠ యని చీలుచున్నది. వసిష్ఠనుండి వైనతేయ విడివడుచున్నది. వసిష్ఠ అంతర్వేదివద్దను, వైనతేయ ఓడలరేవువద్దను సముద్రమున గలియుచున్నవి. ఈ పాయల నడుమ ఇసుకమేటలపై ఒండ్రు పేరుకొని లంకలైనవి. లంకభూమి బంగారము, కాని లంకవాసము నీటిపై వ్రాత. 1986 ఆగస్టు 16 వ తేదీన భద్రాచలమువద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరెను. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చెను. అట్టి దినములలో లంకవాసికి గట్టుమీద వెలుగుచున్న ఆసుపత్రి దీపము కంటికి కనబడును గాని, కాలికి అందదు.

వంతెనలు వచ్చినవి గదా యని యనవచ్చును. వచ్చినవి; ఎదుర్లంకకును యానామునకును నడుమ వంతెన వచ్చిన తరువాత కోనసీమవారికి కాకినాడ దగ్గరయ్యెను. అయినను వంతెన లేని లంకలు నేటికిని పెక్కు కలవు. వానికి రేవే వీధిగుమ్మము, పడవయే బండి. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన ఆడుబిడ్డకు పడవవాడు నిద్రలేవవలెను, గాలి అనుకూలింపవలెను, ఆవలి ఒడ్డున బండి సిద్ధముగా నుండవలెను. ఈ మూటిలో ఒక్కటి తప్పినను రెండు ప్రాణములకు ప్రమాదము.

ఇక పూర్వకథ. 1836 లో విలియము బౌడెను, జార్జి బీరు అను ఇరువురు ఆంగ్లేయులు భార్యలతో వచ్చి నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల నివసించి క్రైస్తవమత బోధ సాగించిరి. గోదావరి డెల్టా మిషను అని ప్రసిద్ధి కెక్కినది వారు నాటిన మొక్కయే. ఆ పిమ్మట 1847 నుండి 1852 వరకు కాటను దొరగారు ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టించిరి. ఆ కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు బాటలైనవి. వడ్లు పోయిన దారినే ఉత్తరములు పోయినవి. ఉత్తరములు పోయిన దారినే బోధకులును, మందుల పెట్టెలును పోయినవి. మిషనువారు పడవలనే యిండ్లుగా చేసికొని, వంటయు పడకయు అందే జరుపుకొనుచు, రేవు రేవున ఆగి ఊళ్లు తిరిగిరి.

ఎగువను, భద్రాచలమునకు పైన దుమ్ముగూడెమువద్ద నదీయాన పథకమునకై ఇంజనీరు హేగు దొర పనిచేయుచుండగా, ఆయన ప్రోత్సాహమున 1860 లో కోయలనడుమ మిషను మొదలయ్యెను. నదిలో పొగయోడలు నడుపవలెనన్న ఆ పథకము 1871 లో ఆగిపోయెను; మిషను మాత్రము నిలిచెను. అచ్చట దీర్ఘకాలము పనిచేసిన జాన్ కెయిను గారు కోయభాషను నేర్చి, దానిని గూర్చి వ్రాసిరి. ఎదుటివాని నొప్పిని ఎదుటివాని మాటలో వినుట సేవకు మొదటి మెట్టని దీనివలన తెలియుచున్నది.

హేయరు గారను లూథరను బోధకుని కథ వినదగినది. ఆయన 1842 లో గుంటూరు చేరి, కొంతకాలమునకు స్వదేశము పోయి, ఏబదియేండ్లు పైబడిన వయసున వైద్యము చదివి, 1847 లో పట్టము పొంది మరల మన దేశమునకు వచ్చిరి. తిరిగి 1869 లో, తన డెబ్బదియారవ యేట, రాజమహేంద్రవరమునకు వచ్చి అచ్చటి మిషను పనిని నిలబెట్టిరి. ముసలితనమును సాకుగా చెప్పు నావంటివారు ఆయనను తలచుకొనవలెను.

ఆ కాలమున మన స్త్రీలు పురుషవైద్యునికి నాడి చూపుటకును సంకోచించెడివారు. ఆ కొరత తీర్చినవారు స్త్రీవైద్యులు. గుంటూరులో 1883 నుండి అన్నా కూగ్లరు గారును, రాజమహేంద్రవరమున 1899 నుండి లిడియా వోర్నరు గారును ఈ పనికి పూనుకొనిరి. రాజమహేంద్రవరమున స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి 1911 లో వెలసెను. రామచంద్రపురమున కెనడా బాప్టిస్టు మిషనుకు చెందిన ఇసబెల్ హ్యాచ్ గారు కుష్ఠురోగులకు ఆశ్రమము నెలకొల్పిరి. బంధువులే వాకిట నిలువనీయని కాలమున వారికి కప్పు కల్పించుట సామాన్య కార్యము గాదు.

ఒక్క సంగతి లెక్కలవాడనుగా గమనించితిని. ఈ చరిత్రలలో వైద్యుల పేర్లున్నవి, దాతల పేర్లున్నవి. కాని ఆ పడవలకు గడవేసిన వారెవరు? తాడు భుజమున వేసికొని కాలువగట్టున పడవను లాగినవారెవరు? జ్వరములో పలవరించు మనిషిమాటను దొరసానికి తెలియజెప్పినవారెవరు? వారు మన తెలుగువారే. పుస్తకములలో వారి పేర్లు కనబడుట అరుదు. జమాలో చేరని కూలి అది. ఆ కూలి లేనిదే ఒక్క మందుబుడ్డియు రేవు దాటి యుండదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చెదను. క్రైస్తవుల బృందముతో మనవారు పోవచ్చునా? దాచక చెప్పవలెనన్న, పూర్వము వచ్చిన మిషనువారు మందుతోపాటు మతమును గూడ తెచ్చిరి. ఒకే పడవలో మాత్రలును సువార్తలును ప్రయాణము చేసినవి. వారు దానిని దాచలేదు, మనమును దాచనక్కరలేదు. ఆ బృందమువారు నేటికిని పడవ విప్పుటకు ముందు కొన్ని నిమిషములు ప్రార్థన చేసికొందురు. ఆ సమయమున నేను ఒడ్డున చేతులు కట్టుకొని నిలిచియుందును. నన్ను రమ్మని గాని, పొమ్మని గాని వా రెన్నడు ననలేదు. రోగిని పేరు, వయస్సు, బాధ అడుగుదురు, మతమడుగరు. నా పట్టికలో ఆ గడియే లేదు. ఎవరైనను మందునకు మతమును వెలగా అడిగిన నాడు ఆ పడవ దిగివచ్చుటకు మనకు కాళ్లున్నవి. అడుగనంతవరకు వారిని శంకించుట ధర్మము గాదు.

మన గ్రంథములేమి చెప్పుచున్నవో చూతము. భాగవతమున రంతిదేవుని కథ నెరుగనివారు లేరు. నలువదియెనిమిది దినములు ఆకలిగొని, తుదకు దొరికిన అన్నమును వచ్చినవానికెల్ల పెట్టి, మిగిలిన గ్రుక్కెడు నీటిని సయితము దప్పిగొన్న అంత్యజునకు పోసెను. పోయుటకు ముందు కులగోత్రములు విచారింపలేదు. భారతమున కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము తెలిసికొనుటకు మిథిలలో మాంసమమ్ము ధర్మవ్యాధుని అంగడికి పోయెను. మంచి యెచ్చట నున్న నచ్చటికి పోయి నేర్వవలెనని దాని తాత్పర్యము. చరకుడును వైద్యము ధనముకొరకు గాక భూతదయకొరకు చేయువాడే శ్రేష్ఠుడని బోధించెను. ఇవి చదివిన మనకు, ఎవరు పడవలో నున్నారని గాక, పడవ యెవరికొరకు పోవుచున్నదని అడుగుట తగియున్నది.

మనము వారిని సందేహించునట్లు మనలను సందేహించినవారును ఆ కాలమున నుండియుందురు. అయినను ఇచ్చిపుచ్చుకొనుట ఆగలేదు. గుంటూరులో కూగ్లరు గారి చికిత్సవలన తమ యింట మేలు జరిగినదని ఏలూరు జమీందారు భుజంగరావు బహద్దరు గారు ఆ ఆసుపత్రి చెంత రోగుల బంధువులు దిగుటకు సత్రము కట్టించిరి. వైద్యము ఒకరిది, సత్రము మరొకరిది. రెండును కలిసినప్పుడే రోగి కోలుకొనెను.

ఈ సత్రము మాట వచ్చినది గనుక క్రైస్తవుల గ్రంథమునుండియే ఒక కథను జ్ఞాపకము చేసెదను. లూకా సువార్తలో నున్న మంచి సమరయుని కథ అది. దొంగలు కొట్టి దారిలో పడవేసిన బాటసారిని పెద్దలిద్దరు చూచియు తప్పుకొనిపోయిరి. అన్యుడని చిన్నచూపు చూడబడు సమరయు డొకడు ఆగి, గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టుకట్టి, తన వాహనముపై సత్రమునకు చేర్చెను. మరునాడు సత్రపువానికి రెండు నాణెములిచ్చి, ఇంకను ఖర్చయినచో తిరిగివచ్చునప్పుడు తీర్చెదనని చెప్పి పోయెను. ఈ కథ చెప్పువారందరు సమరయుని పొగడుదురు. నా చూపు మాత్రము సత్రపువానిపై నిలిచినది. సమరయుడు ఒక్కరాత్రి యుండి పోయెను. ఆ గాయములు మానువరకు కట్లు మార్చినదెవరు? గంజి కాచి పోసినదెవరు? ఖర్చు వ్రాసియుంచినదెవరు? సత్రపువాడే గదా!

నేను చెప్పదలచిన దంతయు ఇందే యున్నది. వైద్యుల పడవ ఒక్కపూట వచ్చిపోవును. రోగము మాత్రము ఒడ్డుననే యుండును. పడవ వెడలిన పిదప మిగులు పని మనది. ఇదియే రెండవ ప్రశ్నకు సమాధానము.

వైద్యము రానివాడు చేయునదేమియని గదా ప్రశ్న? నేను కన్నవానినే చెప్పెదను. ఒక లంకలో ఒక అవ్వగారికి రక్తపుపోటునకు ముప్పది మాత్రలిచ్చి, మరల నెలకు వచ్చెదమని చెప్పిరి. ఇంతలో ఎర్రనీరు వచ్చెను, పడవ కదలలేదు. ఆమె మాత్రలు చాలవేమోయని దినమునకు సగము చొప్పున విరిచి మ్రింగుచు, పడవకొరకు ఎదురుచూచుచుండెను. తాను పొదుపు చేయుచున్నానని ఆమె నమ్మకము. పట్టికలో తేదీ చూచి, ఈమెకు మందు నిండుకొని యుండవలెనని మన యువకుడొకడు నీరు తీయగానే నాటుపడవపై పోయి విచారించెను. ఆ మాత్రలే గట్టుమీది ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రమున ఊరక ఇత్తురు. నర్సమ్మగారితో చెప్పి తెచ్చియిచ్చెను. ఇందు వైద్యమేమున్నది? తేదీ చూచుట యున్నది, జ్ఞాపకముంచుకొనుట యున్నది.

మరియొకచోట దగ్గుతో చిక్కిపోయిన మనిషికి క్షయయని తేలెను. క్షయకు మందు కనీస మారు మాసములు మానక వాడవలెను. రెండవ నెలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, మనిషి తేరుకొనును. అప్పుడే "నాకు నయమైనది" అని మందు మానివేయుట కలదు. మానినచో రోగము మొండిదై తిరిగివచ్చును; అప్పుడు పాతమందు పనిచేయకపోవచ్చును. అతడట్లు మానబోవుచుండగా వారమువారము గుమ్మమున కూర్చుండి, "అన్నా, నేటి మాత్ర వేసికొంటివా?" అని అడిగిన కుర్రవాడే అతనిని నిలబెట్టెను. ఆ మాట అడుగుటకు ఏ పట్టము కావలెను?

కావున స్వచ్ఛందముగా పోవువాడు చేయు పనులివి: మందుపెట్టెలు తడియకుండ ఎక్కించి దింపుట; టీకాల పెట్టె చల్లదనము తప్పకుండ చూచుట; రోగులను వరుసగా కూర్చుండబెట్టి, ముసలివారిని గర్భిణులను ముందు పంపుట; పేరు, ఊరు, బాధ, ఇచ్చిన మందు, మరల రావలసిన తేదీ తప్పు లేకుండ వ్రాయుట; చదువు రానివారికి ఏ మాత్ర ఉదయము, ఏ మాత్ర రాత్రి యని మరల మరల చెప్పుట; కంటిశుక్లములున్నవారిని శస్త్రచికిత్స దినమున ఆసుపత్రికి వెంటబెట్టుకొని పోవుట; గర్భిణికి నెలలు నిండకముందే గట్టుమీద బంధువుల యింటనో, ఆసుపత్రి చెంతనో బస ఏర్పరచుట.

చేయరానివియు కలవు. వైద్యుడు చెప్పక మాత్ర ఇయ్యరాదు. సూది ముట్టరాదు. పట్టికలో వ్రాసినది చావడిలో చెప్పరాదు. ఒకరి రోగము మరొకరికి కబురు కారాదు. నదికి ఎదురాడరాదు. 2019 సెప్టెంబరు 15 వ తేదీన వరదనీటిలో కచ్చులూరువద్ద విహారపు పడవ మునిగి పలువురు మరణించిన సంగతి మనము మరువలేదు. సరంగు వలదన్ననాడు వైద్యుడైనను ఒడ్డుననే యుండవలెను. ప్రతివాడును తేలుదు చొక్కా తొడుగవలెను. పడవకు మించి ఒక్కనిని గూడ ఎక్కింపరాదు.

ఈ విధమైన సేవ మన నదికే పరిమితము గాదు. విల్‌ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్ అను ఆంగ్లవైద్యుడు 1892 లో ఉత్తర అమెరికాలోని లాబ్రడారు తీరమునకు పోయి, మంచుసముద్రముపై ఓడలో తిరిగి బెస్తవారికి వైద్యము చేసెను. ఆయనవెంట కళాశాల విద్యార్థులు జీతము లేక పోయి బరువులు మోసిరి, గోడలు కట్టిరి. ఆల్బర్టు ష్వైట్జరు 1913 లో ఆఫ్రికాలో ఒగోవే నదియొడ్డున ఆసుపత్రి నెలకొల్పగా, రోగులు దోనెలలో వచ్చి చేరిరి. మన దేశముననే అస్సాములో బ్రహ్మపుత్ర లంకలకు 2005 నుండి పడవ వైద్యశాలలు పోవుచున్నవి. ఇవి మతసంస్థలవి గావు. ఎవరు మొదలిడినను నది ఒక్కటే పాఠము చెప్పుచున్నది: రోగి రాలేనిచోట వైద్యుడే పోవలెను.

గ్రంథాలయోద్యమము కూడ ఈ పాఠమును నేర్చినదే. 1935 లో పాతూరి నాగభూషణము గారు గుంటూరు మండలమున కృష్ణాకాలువపై పడవలో పుస్తకములుంచి, ఊరూరికి పంపి చదివించిరి. చదువరి రాలేనిచోట పుస్తకమే పోయినది. అజ్ఞానమును, వ్యాధిని ఒకే నీటిదారిన తరుమవచ్చునని ఆ పెద్దలు చూపిరి. అట్టి ఉద్యమమునకు వారసులమైన మనము పడవపనిని పరాయిపని యనుకొన తగదు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారికి మూడు మనవులు చేయుచున్నాను.

మొదటిది: వార్తాపత్రికల బల్లచెంత "తిరిగి రావలసిన తేదీలు" అను చిట్టా నొకదాని నుంచవలెను. రోగుల పేర్లు అందరి కంటబడకుండ సంఖ్యలతో వ్రాసి, అసలు పట్టికను తాళములో నుంచవలెను. పుస్తకము గడువు దాటిన ఉత్తరము వ్రాయు మనము, మందు గడువు దాటిన మనిషికి కబురంపలేమా?

రెండవది: ఆరోగ్యగ్రంథములకు ఒక అర కేటాయించి, వారమున కొకనాడు చదువు రానివారికి చదివి వినిపింపవలెను. విరేచనములైన బిడ్డకు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించవలెనని ప్రతి తల్లికి తెలియవలెను. పాము కరచినచోట కోయుట, పీల్చుట, బిగించి కట్టుట తగదనియు, ఆ అవయవమును కదపక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెననియు ప్రతి పాలికాపునకు తెలియవలెను. బోదకాలు గలవారు కాలిని దినదినము సబ్బుతో కడిగి పొడిగా నుంచుకొన్న జ్వరపు పోటులు తగ్గుననియు, స్పర్శలేని మచ్చ కనబడిన కుష్ఠేమోయని భయపడి దాచక చూపుకొన్నచో మందుతో నయమగుననియు చెప్పవలెను.

మూడవది: పడవతో పోదలచిన యువతీయువకుల పేర్లు గ్రంథాలయముననే నమోదు చేసి, గ్రామములోని ఆశా కార్యకర్తలతోను, ప్రభుత్వ ఆరోగ్యకేంద్రముతోను కలిపి పని చేయించవలెను. నేడు ఆ బృందము, రేపు మరొకటి; సర్కారు లాంచీయైనను సరే. పడవ లెవరివైనను మారవచ్చును. రేవు మనది, మనుష్యులు మనవారు.

మొదటి సంవత్సరము ఆ చిట్టా వ్రాయు భారమును నేను వహించెదను. రెండవ సంవత్సరమునకు చేయి తిరిగిన కుర్రవాడొకడు నానుండి కలము తీసికొనవలెనని నా కోరిక.